పరుగులో తాగిన చక్కెర ఎక్కడ ఆగిపోతుంది? స్పోర్ట్స్ డ్రింకులో ఏ పదార్థం ఏం చేస్తుంది?

మీరు అడిగింది ఇది. ఈసారి నేవీ మారథాన్‌లో తొలిసారి 42 కిలోమీటర్లు పరిగెత్తాలనుకుంటున్నారు. ఆదివారాలు తెల్లవారుజామున ఆర్కే బీచ్ దగ్గర మొదలుపెట్టి రుషికొండ దాటి వెళ్లి వస్తున్నారు. అరలీటరు బాటిల్లో ఐదు నిండు టేబుల్ స్పూన్ల గ్లూకోజ్ పొడి కలుపుకుంటున్నారు, మధ్యలో ఒక ఎనర్జీ జెల్ (చిక్కటి చక్కెర ముద్ద ఉన్న చిన్న ప్యాకెట్) కూడా తింటున్నారు. ఇరవై కిలోమీటర్లు దాటేసరికి కడుపు ఉబ్బరం, వికారం, ఒకసారైతే పరుగు ఆపి బాత్రూమ్ వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంత చక్కెర తాగినా కాళ్లలో సత్తువ లేదు. మీ మిత్రుడేమో ‘ఉప్పు లేకపోతే చక్కెర ఒంటికి పట్టదు, అదే బాటిల్లో ఓఆర్ఎస్ ప్యాకెట్ కూడా కలిపెయ్’ అన్నారు. అది నిజమేనా, లేబుళ్ల మీద రాసే పదార్థాల్లో చక్కెరను త్వరగా ఎక్కించేది ఏది, ఇలా తాగుతూ పోతే షుగర్ వస్తుందా అన్నవి మీ ప్రశ్నలు.

ముందుగా, ఆ ఓఆర్ఎస్ ప్యాకెట్ ఆ బాటిల్లో కలపకండి. మీ ఇబ్బంది ఉప్పు చాలక వచ్చింది కాదు. ఒకే రకం చక్కెర, మరీ చిక్కగా, వేడిలో పరిగెడుతున్న ఒంట్లోకి వెళ్లడం వల్ల వచ్చింది. విశాఖలో పరుగు తీసేవాళ్లకీ, సైకిల్ మీద భీమిలి దాకా వెళ్లొచ్చేవాళ్లకీ తిండి విషయంలో చాలా ఏళ్లుగా సలహా ఇస్తున్నాను. దాదాపు ఇదే ఫిర్యాదు, ఇదే బాటిల్ ప్రతి సీజన్‌లోనూ నా దగ్గరికి వస్తాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

తాగిన చక్కెర కండరానికి చేరాలంటే ముందు కడుపులోంచి చిన్న పేగులోకి దిగాలి. పేగు గోడ దాటి రక్తంలోకి రావాలి. కాలేయం మీదుగా వెళ్లి చివరికి కండరంలోకి దూరాలి. చాలామంది ఆఖరి అంచె దగ్గరే ఆలస్యం అవుతుందనుకుంటారు. పరిగెడుతున్న కండరం దగ్గర ఆ ఇబ్బంది లేదు. గ్లూకోజ్‌ను నేరుగా రక్తనాళంలోకి ఎక్కించి చూసిన ప్రయోగాల్లో, నోటితో తాగినప్పటికన్నా ఎక్కువ గ్లూకోజ్‌ను కండరాలు ఖర్చు చేయగలిగాయి. అంటే కండరం సిద్ధంగానే ఉంది, సరుకు అందడం లేదు. అది ఆగిపోయేది పేగు గోడ దగ్గర. కొన్నిసార్లు అంతకుముందే, కడుపులో.

పేగు గోడ మీద గ్లూకోజ్‌ను లోపలికి తీసుకునే ఒక ప్రొటీన్ ఉంది. పేరు ఎస్‌జీఎల్‌టీ1. ఇది ఒక్కో గ్లూకోజ్ అణువును రెండు సోడియం అయాన్లతో కలిపి లోపలికి లాగుతుంది. సోడియం, గ్లూకోజ్ ఇలా జంటగా ప్రయాణిస్తాయన్న ఆలోచనను రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ప్రాగ్‌లో జరిగిన ఒక సదస్సులో చెప్పారు. మీ మిత్రుడి మాటకు మూలం ఇదే, అందులో అబద్ధం లేదు. గ్లూకోజ్ ఈ దారిన రావాలంటే సోడియం ఉండి తీరాలి.

అయితే ఆ సోడియం మీ బాటిల్లోనే ఉండాలన్న నియమం మాత్రం లేదు. చిన్న పేగులోకి మన ఒళ్లే సోడియం వదులుతుంది. క్లోమం నుంచి వచ్చే రసంలో, పిత్తంలో, పేగు గోడ ఊరించే ద్రవంలో కావలసినంత ఉంటుంది. అయోవా విశ్వవిద్యాలయంలో గిసోల్ఫీ బృందం 1995లో ప్రచురించిన పరిశోధనలో వ్యాయామం చేస్తున్నవాళ్ల పేగులోకి సన్నని గొట్టం దించి కొలిచారు. చక్కెర పానీయంలో సోడియం అసలు లేకపోయినా, లీటరుకు 25 మిల్లీమోల్ (ఒక మిల్లీమోల్ సోడియం అంటే 23 మిల్లీగ్రాములు) ఉన్నా, 50 ఉన్నా పేగు పీల్చుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ‘ఎలక్ట్రోలైట్ల వల్ల చక్కెర వేగంగా ఎక్కుతుంది’ అని డబ్బా మీద రాసి ఉంటే, ఆరోగ్యంగా ఉండి పరిగెడుతున్న మనిషికి ఆ మాట పెద్దగా వర్తించదు.

మరి డ్రింకులో ఉప్పు ఎందుకు? దాని పని వేరు. చెమటలో పోయిన సోడియాన్ని కొంత పూడుస్తుంది, దాహాన్ని నిలబెడుతుంది, తాగిన నీళ్లు వెంటనే మూత్రంగా పోకుండా ఒంట్లో ఉంచుతుంది. విశాఖ ఉక్కలో రెండు గంటలు పరిగెత్తి వచ్చాక నల్ల టీషర్టు మీద తెల్లటి గీతలు కడతాయి చూడండి, అదంతా ఉప్పే. కొందరి చెమటలో లీటరుకు 20 మిల్లీమోల్ సోడియం పోతే, కొందరికి 60 దాటుతుంది. టీషర్టు అంతా తెల్లబడేవాళ్లకు ఉప్పు నిజంగా కావాలి. అది నీళ్ల కోసం, రక్తంలో సోడియం పడిపోకుండా ఉండడం కోసం. చక్కెర కోసం మాత్రం కాదు.

ఓఆర్ఎస్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే గందరగోళం అంతా దానితోనే మొదలైంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థి శిబిరాల్లో కలరా చెలరేగినప్పుడు, పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లను తాగించి ప్రాణాలు నిలిపారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. అది పనిచేసింది ఎస్‌జీఎల్‌టీ1 వల్లే. విరేచనాలతో నీరూ ఉప్పూ కోల్పోతున్న పేగులో కూడా ఆ దారి మూసుకుపోదు. అక్కడ గ్లూకోజ్ సోడియాన్ని లోపలికి తీసుకెళ్తుంది, సోడియం వెంట నీళ్లు వెళ్తాయి. అంటే ఓఆర్ఎస్‌లో చక్కెర ఉన్నది ఉప్పునూ నీళ్లనూ ఎక్కించడానికి. అందుకే అందులో చక్కెర చాలా తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న సూత్రం ప్రకారం లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, సోడియం 75 మిల్లీమోల్, మొత్తం గాఢత (లీటరులో కరిగి ఉన్న కణాల లెక్క, మిల్లీఆస్మోల్‌లలో) 245. ఒక లీటరు ఓఆర్ఎస్ మొత్తం తాగినా వచ్చేది 54 కేలరీలే. మారథాన్‌కు అది ఇంధనం కాదు. పరుగు అయ్యాక బాగా ఎండిపోయి ఉంటే, విరేచనాలు పట్టుకుంటే మాత్రం అంతకు మించిన మందు లేదు. కాకపోతే అసలైన పొడిని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి.

కొన్నాళ్ల కిందటి వరకు దుకాణాల్లో ‘ఓఆర్ఎస్’ అక్షరాలు పేరులో పెట్టుకుని, అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న టెట్రా ప్యాకులు అమ్మేవారు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడకుండా కట్టడి చేసింది. ఇంట్లో పాత ప్యాకులు ఉంటే వాటిని విరేచనాలు పట్టుకున్న పిల్లలకు పట్టకండి. పరుగు గురించి మాట్లాడుకుంటున్నా ఈ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను.

ఇప్పుడు అసలు విషయం, చక్కెర రకం.

ఎస్‌జీఎల్‌టీ1 దారిన గంటకు సుమారు 60 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే పని జరిగే చోటికి చేరుతుంది. మనిషి 50 కిలోలున్నా 80 కిలోలున్నా ఈ అంకె పెద్దగా మారదు. సింహాచలంలో చందనోత్సవం రోజు కొండ కింద ఎంతమంది దిగినా, దర్శనం క్యూ కదిలేది దాని వేగంతోనే కదా. గ్లూకోజ్ పొడి ఇంకో రెండు చెంచాలు ఎక్కువ వేయడమంటే క్యూలో మనుషుల్ని పెంచడమే, దర్శనాన్ని పెంచడం కాదు. మిగిలిన చక్కెర పేగులోనే నిలబడిపోతుంది. నీళ్లను తన వైపు లాక్కుంటుంది, కింది పేగులోకి జారితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి గ్యాస్ చేస్తాయి. మీకు ఇరవై కిలోమీటర్ల తర్వాత జరిగింది అదే.

ఫ్రక్టోజ్‌కు వేరే క్యూ ఉంది. గ్లూట్5 అనే ఇంకో ప్రొటీన్ దాన్ని లోపలికి తీసుకుంటుంది, దానికి సోడియంతో పని లేదు. లోపలికి వచ్చిన ఫ్రక్టోజ్‌ను ఎక్కువ భాగం కాలేయం గ్లూకోజ్‌గా, లాక్టేట్‌గా మార్చి కండరాలకు పంపుతుంది. ఈ రెండు దారులనూ ఒకేసారి వాడుకోవచ్చన్న సంగతిని అస్కర్ యూకెన్‌డ్రుప్, ఆయన సహచరులు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో 2000 తర్వాతి సంవత్సరాల్లో వరుసగా పరీక్షించారు. సైకిల్ తొక్కేవాళ్లకు మొత్తం చక్కెర అంతే ఉంచి, ఒకసారి గ్లూకోజ్ ఒక్కటే ఇచ్చారు, ఇంకోసారి రెండు పాళ్లు గ్లూకోజ్, ఒక పాలు ఫ్రక్టోజ్ ఇచ్చారు. మిశ్రమం తాగినప్పుడు ఒళ్లు ఖర్చుచేయగలిగిన చక్కెర దాదాపు సగం పెరిగింది, నిమిషానికి సుమారు 0.8 గ్రాముల నుంచి 1.26 గ్రాములకు. రెండున్నర, మూడు గంటలు దాటే పోటీలకు గంటకు 90 గ్రాముల దాకా తీసుకోవచ్చన్న సలహా ఇలాంటి ప్రయోగాల నుంచే వచ్చింది. తర్వాత 1కి 0.8 పాళ్లు కూడా బాగా పనిచేస్తాయని తేలింది. కొత్తగా వచ్చే జెల్స్ మీద ఆ పాళ్లు కనబడతాయి.

ఇది విని ఫ్రక్టోజ్ ఒక్కటే తాగుదామనుకోకండి. దాని దారి ఇంకా ఇరుకు, ఒంటరిగా ఎక్కువ తాగితే కడుపు నొప్పి, విరేచనాలు ఖాయం. గ్లూకోజ్‌కు తోడుగా ఉన్నప్పుడే అది మేలు.

మన వంటింటి పంచదార ఈ లెక్కలో ఎక్కడుంది? సుక్రోజ్ అంటే ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ కలిసి ఉన్న జంట. పేగు గోడ మీది ఎంజైమ్ దాన్ని వెంటనే విడగొడుతుంది, ఇద్దరూ చెరో దారి పట్టుకుంటారు. అందుకే పంచదార పరుగుకు చాలా మంచి సరుకు. చౌకగా వస్తుందని జనం దాన్ని చిన్నచూపు చూస్తారు, వందల రూపాయల పొడి కొంటారు. అనకాపల్లి బెల్లమూ ఎక్కువ భాగం సుక్రోజే. పానకం కాస్త పలచగా చేసుకుని తాగితే పరుగులో పనికొస్తుంది, మిరియాలు మాత్రం తగ్గించండి, పరుగులో ఛాతీలో మండుతుంది.

లేబుల్ మీద తరచుగా కనిపించే మాల్టోడెక్స్ట్రిన్ అంటే గ్లూకోజ్ అణువులు గొలుసుగా ఉన్న పిండి పదార్థం. పేగులో క్షణాల్లో విడిపోయి గ్లూకోజ్ అవుతుంది, కాబట్టి దానికీ అదే 60 గ్రాముల హద్దు. దాని లాభం రెండు విషయాల్లో. తీపి తక్కువ, గాఢత తక్కువ. లీటరు నీళ్లలో 60 గ్రాముల గ్లూకోజ్ కలిపితే గాఢత 330 దాటుతుంది, అంతే మాల్టోడెక్స్ట్రిన్ కలిపితే వంద లోపే ఉంటుంది. ఐసోమాల్టులోజ్ అని ఇంకో పేరు కనబడుతుంది, ‘నిదానంగా శక్తినిస్తుంది’ అంటారు. పరుగు మధ్యలో నిదానం మనకు అక్కర్లేదు. పేగులో ఎక్కువసేపు ఉండిపోవడమే దాని స్వభావం. గాలక్టోజ్ కూడా నిదానమే, కాకపోతే దాని ఆలస్యం కాలేయంలో గ్లూకోజ్‌గా మారే దగ్గర.

గాఢత అన్నాను కదా, మీ బాటిల్ లెక్క వేసి చూద్దాం. నిండు టేబుల్ స్పూన్ గ్లూకోజ్ పొడి సుమారు 15 గ్రాములు తూగుతుంది. ఐదు చెంచాలంటే 75 గ్రాములు, అరలీటరులో. అంటే 15 శాతం ద్రావణం, గాఢత 830 దాకా. మన రక్తం గాఢత 290 చుట్టూ ఉంటుంది. రక్తం కన్నా దాదాపు మూడు రెట్లు చిక్కనిది చిన్న పేగులోకి దిగితే, అది ముందు నీళ్లను ఇవ్వదు, రక్తంలోంచి పేగులోకి లాక్కుంటుంది. మీరు దాహం తీర్చుకుంటున్నాననుకుంటున్న ఆ కాసేపూ ఒంట్లో నీళ్లు తగ్గుతున్నాయన్నమాట. లీటరుకు కలపాల్సిన ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను కూడా అదే అరలీటరులో వేస్తే ఇంకో 490 చేరుతుంది, మొత్తం 1300 దాటుతుంది. అందుకే మొదట్లోనే వద్దన్నాను.

కడుపు కూడా చిక్కటి ద్రవాన్ని త్వరగా కిందికి వదలదు. 8 శాతం దాటితే నెమ్మదిస్తుంది. ఒంట్లో నీళ్లు తగ్గినా, మరీ వేగంగా పరిగెత్తినా ఇంకా నెమ్మదిస్తుంది. అలా ఆగినప్పుడు కడుపులో నీళ్లు గడగడలాడే చప్పుడు పరిగెడుతుంటే మీకే వినబడుతుంది. ఆ చప్పుడు వినబడితే ఇంకో గుక్క చిక్కటి డ్రింకు తాగకండి. వేగం తగ్గించి పది నిమిషాలు ఆగండి, తర్వాత రెండు గుక్కలు మంచినీళ్లు తాగండి. 1965లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కేడ్ బృందం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం తయారుచేసిన గేటరేడ్ ఇప్పటికీ 6 శాతం చక్కెర దగ్గరే ఉంది. దానికి కారణం ఈ లెక్కే. కోలాలు లీటరుకు వంద గ్రాములకు పైగా చక్కెరతో, పళ్లరసాలు కూడా అటూఇటూగా అంతేతో, చెరకురసం అంతకన్నా ఎక్కువతో ఉంటాయి. వీటిని పరుగు మధ్యలో అలాగే తాగితే ఇబ్బందే, సగం నీళ్లు కలుపుకుంటే ఫర్వాలేదు. జెల్ తిన్నప్పుడు కూడా దాంతోపాటు మంచినీళ్లే తాగాలి, చక్కెర డ్రింకు కాదు. జెల్ అంటేనే చిక్కటి చక్కెర, దానికి నీళ్లు బయట నుంచి మీరే అందించాలి.

మిగతా పదార్థాలు వరసగా చెప్పేస్తాను. కెఫీన్ అలసట తెలియనివ్వదు, అది బాగా రుజువైన విషయం. పెద్ద మోతాదులో చక్కెర వాడకాన్ని పెంచుతుందని ఒక ప్రయోగంలో కనబడింది, మామూలు మోతాదుల్లో అది నిలవలేదు. కాబట్టి చక్కెర ఎక్కడం కోసమని కాఫీ తాగక్కర్లేదు, పైగా కొందరికి కెఫీన్ పరుగులో కడుపు కదిలిస్తుంది. సిట్రిక్ ఆమ్లం రుచికీ నిల్వకీ. పుల్లటి డ్రింకులు గంటల తరబడి చప్పరిస్తే పళ్ల ఎనామెల్ దెబ్బతింటుంది, మధ్యలో మంచినీళ్లతో పుక్కిలించండి. మెగ్నీషియం ఎక్కువైతే విరేచనం. విటమిన్లకూ చక్కెర పీల్చుకోవడానికీ సంబంధం లేదు. ప్రొటీన్, అమైనో ఆమ్లాలు పరుగు అయ్యాక తీసుకోండి. సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్‌తో కడుపులో జెల్లీగా మారే డ్రింకులు వచ్చాయి. కడుపు తేలికగా ఉందని కొందరు నాతో అన్నారు, కానీ మామూలు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ మిశ్రమం కన్నా చక్కెరను ఎక్కువ ఎక్కిస్తాయని చాలా ప్రయోగాల్లో తేలలేదు. ఆ ధర పెట్టమని నేను చెప్పను. నీళ్లలో వేస్తే బుసబుసమని పొంగే టాబ్లెట్లలో ఉప్పు ఉంటుంది, చక్కెర ఉండదు. గంట లోపు పరుగుకు, బాగా చెమట పట్టే రోజున అవి సరిపోతాయి, మారథాన్‌కు ఇంధనం విడిగా చూసుకోవాలి. ఎనర్జీ డ్రింక్ అని అమ్మే సన్నటి డబ్బాలు అసలు ఈ కోవలోనివి కావు, చక్కెరా ఎక్కువే, కెఫీనూ ఎక్కువే.

కొబ్బరిబొండం గురించి అందరూ అడుగుతారు. బీచ్ రోడ్డులో దొరికే వాటిలో అదే అందరికీ ఇష్టం, నాకూ ఇష్టమే. అందులో పొటాషియం పుష్కలం, చక్కెర 4, 5 శాతం, సోడియం మాత్రం బాగా తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. అందుకని పరుగు అయ్యాక తాగండి, ఉప్పు వేసిన మజ్జిగతోనో ఉప్మాతోనో కలిపి. మజ్జిగలో ఉప్పు, నీళ్లు, కాస్త ప్రొటీన్ అన్నీ ఉంటాయి. సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచేవాళ్లకు దారి పొడవునా జనం మజ్జిగ అందించడం ఎంత మంచి ఆలోచనో ఈ లెక్కలు చూశాక ఇంకా బాగా తెలుస్తుంది. నడకలో కడుపుకు రక్తం బాగానే అందుతుంది కాబట్టి అక్కడ మజ్జిగ పడుతుంది. వేగంగా పరిగెడుతూ మధ్యలో తాగితే మాత్రం చాలామందికి పడదు.

రక్తం మాట వచ్చింది కాబట్టి మన ఊరి వాతావరణం గురించి. పరుగులో రక్తం కండరాలకూ, వేడి వదిలించుకోవడానికి చర్మానికీ మళ్లుతుంది, పేగుకు సగానికి సగం తగ్గిపోవచ్చు. విశాఖలో తెల్లవారి ఐదింటికే గాలిలో తేమ నిండి ఉంటుంది, చెమట కారుతుంది కానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. అప్పుడు చర్మానికి ఇంకా రక్తం కావాలి, పేగుకు ఇంకా కోత. వేడిలో వ్యాయామం చేసినప్పుడు తాగిన చక్కెర వాడకం సుమారు పదో వంతు తగ్గిందనీ, ఒంట్లో దాచుకున్న చక్కెర నిల్వ, అంటే గ్లైకోజెన్, ఎక్కువ ఖర్చయిందనీ 2002లోనే ప్రయోగంలో చూపించారు. చల్లటి దేశపు రన్నర్ గంటకు 90 గ్రాములు అరిగించుకున్నాడని చదివి ఇక్కడ ఏప్రిల్‌లో అదే ప్రయత్నిస్తే కడుపు మొరాయిస్తుంది. ఎండాకాలం శిక్షణలో గంటకు 40, 50 గ్రాములు చాలు. డిసెంబరు ఉదయాల్లో పెంచుకోవచ్చు. కైలాసగిరి ఎక్కే దారిలో, తెన్నేటి పార్కు దాటాక వచ్చే ఎత్తుల్లో ఆయాసం వస్తున్నప్పుడు తాగకండి. ఎత్తు ఎక్కేశాక, ఊపిరి కుదురుకున్నాక తాగండి.

మీకు నేను చెప్పే మిశ్రమం ఇది. 750 మిల్లీలీటర్ల బాటిల్లో 30 గ్రాముల పంచదార, 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, 1 గ్రాము ఉప్పు, అర నిమ్మచెక్క. పంచదారలోంచి సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్ వస్తాయి కాబట్టి మొత్తం 30 గ్రాముల గ్లూకోజ్, 15 గ్రాముల ఫ్రక్టోజ్ అవుతుంది, సరిగ్గా రెండుకు ఒకటి. చక్కెర 6 శాతం. సోడియం లీటరుకు 23 మిల్లీమోల్, అంటే మంచి స్పోర్ట్స్ డ్రింకులో ఉన్నంత. చెంచాలతో వద్దు, వంటింటి త్రాసుతో తూచండి. ఒక్కసారి తూచి చూస్తే మీ చెంచా ఎంత పడుతుందో తెలిసిపోతుంది. దీన్ని పావుగంటకోసారి 150 మిల్లీలీటర్ల చొప్పున తాగితే గంటకు 36 గ్రాములు. దానికి తోడు గంటకో జెల్, మంచినీళ్లతో, ఇంకో 22 నుంచి 25 గ్రాములు. రెండూ కలిపి 60 దగ్గరికి వస్తాయి. నాలుగు, నాలుగున్నర గంటల్లో పూర్తిచేయాలనుకునే తొలి మారథాన్‌కు ఇది సరిపోతుంది. 90 కోసం పరుగులు పెట్టకండి.

ఈ 60 కూడా ఒక్కరోజులో పడదు. పేగుకు కూడా శిక్షణ కావాలి. చక్కెర అలవాటైతే పేగు గోడ మీద ఆ ప్రొటీన్ల సంఖ్య పెరుగుతుంది, కడుపు ఖాళీ అయ్యే వేగమూ మెరుగవుతుంది. మొదటి రెండు వారాలు లాంగ్ రన్‌లో గంటకు 30 గ్రాములతో మొదలుపెట్టండి, ఇబ్బంది లేకపోతే వారం వారం పదేసి పెంచండి. పోటీ రోజు ఇచ్చే డ్రింకు ఏదో ముందే తెలుసుకుని దాన్ని ఒకసారైనా శిక్షణలో తాగి చూడండి. కొత్త జెల్ ఏదీ ఆ రోజు మొదటిసారి చింపకూడదు.

షుగర్ వస్తుందా అన్నారు. కండరం పనిచేస్తున్నప్పుడు గ్లూట్4 అనే ప్రొటీన్ కండర కణం పైకి వచ్చి, ఇన్సులిన్ పెద్దగా అక్కర్లేకుండానే గ్లూకోజ్‌ను లోపలికి లాక్కుంటుంది, లాక్కున్నది అప్పటికప్పుడే ఖర్చవుతుంది. రెండు మూడు గంటల పరుగులో గంటకు 60 గ్రాములు తాగడం, కూర్చుని కూల్‌డ్రింక్ తాగడం ఒంటికి ఒకటి కాదు. కానీ బీచ్ రోడ్డులో అరగంట నడిచి, ఆ తర్వాత స్పోర్ట్స్ డ్రింకు బాటిల్ ఖాళీ చేసేవాళ్లను చాలామందిని చూస్తున్నాను. ముప్పావు గంట లోపు వ్యాయామానికి చక్కెర అక్కర్లేదు, మంచినీళ్లు చాలు. గంట పాటు గట్టిగా సైకిల్ తొక్కేవాళ్లు చక్కెర నీళ్లు నోట్లో పుక్కిలించి ఉమ్మేసినా కొంత మెరుగుపడతారని 2004లో ఒక ప్రయోగంలో తేలింది, మింగనే లేదు. నోట్లోని గ్రాహకాలు మెదడుకు కబురు పంపడమే దానికి కారణమనుకుంటున్నారు. ఇంకో జాగ్రత్త, పరుగుకు సరిగ్గా అరగంట, ముప్పావుగంట ముందు గ్లాసుడు గ్లూకోజ్ తాగకండి. అప్పుడు ఇన్సులిన్ పెరిగి ఉంటుంది, పరుగు మొదలవగానే రక్తంలో చక్కెర పడి కొందరికి కళ్లు తిరుగుతాయి. ఐదు పది నిమిషాల ముందు తాగితే ఆ ఇబ్బంది ఉండదు.

ఇప్పటికే షుగర్ ఉండి మందులు వాడుతున్నవాళ్లు ఈ అంకెలను అలాగే తీసుకోకండి, డాక్టరుతో మాట్లాడి గ్లూకోమీటర్‌తో చూసుకుంటూ చేయండి. ముఖ్యంగా పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉన్న మాత్రలు వేసుకునేవాళ్లకు మూత్రంలో చక్కెర, దాంతోపాటు నీళ్లు ఎక్కువ పోతాయి. ఉక్కలో దూరాలు పరిగెత్తే ముందు ఆ మాట డాక్టరుకు చెప్పి తీరాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు కొబ్బరినీళ్లలోని పొటాషియం గురించి అడగాలి, బీపీ ఉన్నవాళ్లు ఉప్పు గురించి.

నీళ్లు తక్కువ తాగడమే ప్రమాదమని అందరికీ తెలుసు, ఎక్కువ తాగడం కూడా అంతే ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తం పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి సోడియం మామూలు కన్నా తక్కువకు పడిపోయి ఉంది. పరుగులో బరువు పెరిగినవాళ్లలో అది ఎక్కువగా కనిపించింది. నాలుగు గంటలు దాటి నిదానంగా పరిగెత్తేవాళ్లు ప్రతి స్టాల్ దగ్గరా కప్పు మీద కప్పు తాగుతారు, వాళ్లే జాగ్రత్తగా ఉండాలి. ఈ ఆదివారం పరుగుకు ముందు, తర్వాత చెమట తుడుచుకుని తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకు ఒక లీటరు చెమట పోయినట్టు, మధ్యలో తాగింది దానికి కలపండి, ఎన్ని గంటలు పరిగెత్తారో దాంతో భాగించండి. ఆ అంకె, టీషర్టు ఎంత తెల్లబడిందో, ఏ కిలోమీటరు దగ్గర కడుపు బరువెక్కిందో రాసి పెట్టండి. ఆ మూడూ నాకు చెబితే బాటిల్లో నీళ్లు, ఉప్పు ఎంతెంత మార్చాలో మీ ఒంటికి సరిపోయేలా లెక్క వేసి ఇస్తాను.